స్మారక రివాల్వర్లు: ధర కంటే ముందు లెక్క చూడాలి

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికాలో స్థిరపడిన తెలుగువారి అభిరుచుల మీద వచ్చిన వ్యాసం ఆసక్తితో చదివాను. అక్కడి రాష్ట్రాల వార్షికోత్సవాలకు గుర్తుగా తయారైన రివాల్వర్లను సేకరించే వారి గురించి తెలుగు పత్రికలో ఇంత వివరంగా రావడం అరుదు. అయితే ఆ రివాల్వర్లు ఇళ్ల స్థలం కొన్నంత నమ్మకమైన పెట్టుబడి అనీ, పదవీ విరమణ చేసి స్వదేశానికి వచ్చేటప్పుడు వాటిని వెంట తెచ్చుకోవచ్చుననీ అర్థం వచ్చేలా వ్యాసకర్త రాసిన మాటలు సరికావు. మొదటిది సేకరణ వస్తువుల బజారుకు సంబంధించినది, రెండవది చట్టానికి సంబంధించినది. చరిత్ర ఉపన్యాసకుడిగా పనిచేసి, నాణేలు, పతకాలు, స్మారక వస్తువుల గురించి చాలాకాలంగా చదువుతున్నవాణ్ని కనుక ఈ రెండింటి గురించీ, ఆంధ్ర రాష్ట్రానికి 75 ఏళ్లు నిండే 2028 నాటికి వాటి నుంచి మనం నేర్చుకోదగిన విషయం గురించీ రాయడానికి అనుమతి కోరుతున్నాను.

ఈ సేకరణకు మూలం కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో వెలసిన కోల్ట్ కంపెనీ. తిరిగే చక్రంలో, అంటే సిలిండర్‌లో, తూటాలు కూర్చే తుపాకీకి శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఆయన 1862లో మరణించాడు. ఆ తరువాత 1873లో కంపెనీ సైన్యం కోసం తెచ్చిన సింగిల్ యాక్షన్ ఆర్మీ అనే .45 క్యాలిబర్ (అంగుళాల్లో గొట్టం లోపలి కొలత) రివాల్వరే కౌబాయ్ కథలన్నిటిలోనూ నడుముకు వేలాడుతూ కనిపించేది. పేల్చే ప్రతిసారీ సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగి సిద్ధం చేసుకోవలసిన రకం అది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో దాని తయారీ ఆగిపోయింది. 1950లలో టెలివిజన్ అమెరికా ఇళ్లలోకి చేరి, దానితో పాటే కౌబాయ్ ధారావాహికలూ వచ్చిపడటంతో జనం ఆ పాత రివాల్వర్‌ను మళ్లీ అడగసాగారు. 1956లో కంపెనీ దాని తయారీని పునరుద్ధరించింది. మరుసటి ఏడాది అదే రూపంలో, కాస్త చిన్న పరిమాణంలో, చవకగా దొరికే .22 తూటా వాడే ఫ్రాంటియర్ స్కౌట్‌ను విడుదల చేసింది. మనం మాట్లాడుకుంటున్న స్మారక రివాల్వర్లలో అధిక భాగం ఈ రెండు నమూనాలకే పూత మార్చి, అక్షరాలు చెక్కి, పెట్టెలో పెట్టి అమ్మినవి.

ఈ వరుస 1961లో మొదలైంది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని జెనిసియో అనే చిన్న ఊరికి 125 ఏళ్లు నిండిన గుర్తుగా జేబులో ఇమిడే డెరింజర్ పిస్టళ్లు వందకు కాస్త పైచిలుకు తయారయ్యాయి. అదే ఏడాది కాన్సస్ రాష్ట్ర శత వార్షికోత్సవం వచ్చింది. 1861 జనవరి 29న 34వ రాష్ట్రంగా యూనియన్‌లో చేరిన కాన్సస్ కోసం కోల్ట్ చేసిన స్కౌట్ రివాల్వర్లు ఆరు వేలు దాటాయి. మరుసటి ఏడాది న్యూ మెక్సికో స్వర్ణోత్సవం, 1963లో వెస్ట్ వర్జీనియా శతాబ్ది, 1964లో నెవాడా శతాబ్ది, 1966లో ఇండియానా, 1969లో అలబామా, 1970లో మెయిన్ రాష్ట్రాల నూట యాభయ్యో వార్షికోత్సవాలు ఇలాగే రివాల్వర్లకు ఎక్కాయి. 1986లో టెక్సాస్ నూట యాభై ఏళ్ల పండుగ చేసుకున్నప్పుడు కూడా కోల్ట్ స్మారక రివాల్వర్లు వచ్చాయి. అంతర్యుద్ధ కాలంలో వర్జీనియా నుంచి విడిపోయి 1863లో ఏర్పడిన వెస్ట్ వర్జీనియా, ఆ విభజన తేదీనే తన పుట్టినరోజుగా నిస్సంకోచంగా జరుపుకుంటుందన్న సంగతిని మన పాఠకులు ప్రత్యేకంగా గమనించవచ్చు.

జాగ్రత్తగా చూస్తే ఈ పుట్టినరోజుల్లోనే ఒక వ్యాపార మర్మం కనబడుతుంది. అరిజోనా రాష్ట్రంగా మారింది 1912లో. కానీ దాని పేరిట 1963లోనే శతాబ్ది రివాల్వర్ వచ్చింది, ఎందుకంటే అది కేంద్ర పాలనలోని టెరిటరీగా ఏర్పడింది 1863లో. ఐడహో, మోంటానాల కథా ఇంతే: అవి రాష్ట్రాలైంది వరుసగా 1890, 1889 సంవత్సరాలలో అయినా, టెరిటరీలైన 1863, 1864 సంవత్సరాల నుంచి నూరేళ్లు లెక్కపెట్టి రివాల్వర్లు చేశారు. ఒక రాష్ట్రానికి రెండు పుట్టినరోజులుంటే, వాటిలో ఏది గుండ్రని అంకెకు దగ్గరగా ఉందో అదే ఆ ఏటి పండుగ అయింది. దీన్ని మోసం అనలేము, ఎందుకంటే రెండు తేదీలూ నిజమైనవే. కానీ ఏ తేదీని స్మరించుకోవాలన్న నిర్ణయం చరిత్రకారుడి చేతిలో కంటే అమ్మకందారు చేతిలో ఎక్కువగా ఉండిందన్న సంగతి సేకరించేవాడు మరచిపోకూడదు.

నెవాడా ఉదాహరణ మరీ స్పష్టంగా ఉంటుంది. 1864 అక్టోబరు 31న, అధ్యక్ష ఎన్నికలకు వారం రోజుల ముందు, దానికి రాష్ట్ర హోదా దక్కింది. సమయానికి చేరదేమోనన్న తొందరలో తమ రాజ్యాంగం మొత్తాన్ని తంతి ద్వారా వాషింగ్టన్‌కు పంపారు. పదహారు వేలకు పైగా మాటలున్న ఆ టెలిగ్రాముకు నాలుగు వేల డాలర్లకు మించి ఖర్చయింది. ఒక రాష్ట్రం పుట్టుకకు ఇంతకంటే చక్కని కథ ఏముంటుంది? అయితే 1964లో నెవాడా పేరిట వచ్చినది ఒక్క రివాల్వర్ కాదు. .22 స్కౌట్ ఒకటి, .45 సింగిల్ యాక్షన్ ఒకటి, రెండూ కలిపిన జంట పెట్టె ఒకటి, అదనంగా చెక్కిన సిలిండర్‌తో మరొకటి. ఇవి చాలవన్నట్టు అంతర్యుద్ధం నడుమ పుట్టిన రాష్ట్రమని చాటుకునే నెవాడా నినాదం ‘బ్యాటిల్ బార్న్’ పేరుతో ఇంకో వరుస వచ్చింది. స్కౌట్లే సుమారు నాలుగు వేలు. మొదటి నెలలో ఒకటి కొని తన దగ్గర నెవాడా శతాబ్ది రివాల్వర్ ఉందని సంతోషించిన మనిషి, ఏడాది తిరిగేసరికి తన దగ్గర ఉన్నది అన్నిటిలోకీ మామూలు రకమని తెలుసుకుని ఉంటాడు.

ఇక వస్తువు విషయానికి వస్తే, చూడటానికి ఇవి నిస్సందేహంగా అందమైనవి. నీలి నిగారింపు చేసిన ఉక్కు మీద బంగారు పూత, గొట్టం మీద రాష్ట్రం పేరూ సంవత్సరాలూ, పిడి మీద పతకం, మూత లోపల రాష్ట్ర చిహ్నమో పటమో, లోపల మఖమలు పరచిన చెక్క పెట్టె. సేకరించేవారి నియమాలు మాత్రం మన నాణేల సేకరణదారుల నియమాల కంటే కఠినమైనవి. రివాల్వర్ ఒక్కసారి కూడా పేలి ఉండకూడదు. అంతటితో సరిపోదు, సుత్తిని వెనక్కి లాగి కూడా ఉండకూడదు. లాగిన ప్రతిసారీ సిలిండర్ ఒక గది మేర తిరుగుతుంది, దాన్ని నిలిపే చిన్న ఇనుప మొన దాని ఉపరితలం మీద రాసుకుంటుంది. పదిసార్లు సరదాకు తిప్పితే చాలు, సిలిండర్ చుట్టూ సన్నని గీత ఏర్పడుతుంది. ఆ గీతతో ధర పడిపోతుంది. వేలిముద్రలోని ఉప్పు పూతను తింటుంది. అందంగా కనిపించే మఖమలు తేమను పట్టి ఉంచి, ఏళ్ల తరబడి మూసిన పెట్టెలో ఉక్కుకు తుప్పు తెస్తుంది. చెక్క పెట్టెను పంపిన అట్టపెట్టె, అందులోని కరపత్రాలు కూడా ఉంటేనే పూర్తి విలువ. కొన్నవాడు తాకరాని వస్తువు, తిప్పరాని యంత్రం ఇది. అయినా ఆ నియమాలను నేను వెక్కిరించడం లేదు, మన ఇళ్లలోనూ పెళ్లినాటి వెండి గిన్నెలు అలాగే ఉంటాయి.

పెట్టుబడి అన్న మాట ఎందుకు తప్పో ఇప్పుడు చెప్పడం సులభం. 1873 నుంచి 1940 వరకు తయారైన తొలి తరం సింగిల్ యాక్షన్ రివాల్వర్లు సుమారు 3,57,000. సంఖ్య చూస్తే చాలా పెద్దది. కానీ వాటిని జనం వాడారు, పోగొట్టుకున్నారు, వానలో తడిపారు, పాడైపోతే పారేశారు. అందుచేత నేటికి మంచి స్థితిలో మిగిలిన వాటికి, ముఖ్యంగా ఏ సైనిక దళానికి వెళ్లిందో రుజువున్న వాటికి, వేలంలో గొప్ప ధర పలుకుతుంది. స్మారక రివాల్వర్లకు సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. మూడు వేలో ఆరు వేలో మాత్రమే తయారైనా, కొన్న ప్రతివాడూ ఇది రేపు అరుదైన వస్తువవుతుందన్న ఆశతోనే కొని పెట్టెలో దాచాడు. ఆ ఆశే అరుదుతనాన్ని చంపేసింది. అరవై ఏళ్ల తరువాత ఆ తరం సేకర్తలు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే, వారి వారసులు అమ్మకానికి తెస్తున్న పెట్టెలన్నీ దాదాపు కొత్తవిగానే ఉన్నాయి. కొనేవారేమో అంతమంది లేరు. ద్రవ్యోల్బణాన్ని లెక్కలోకి తీసుకుంటే చాలా రాష్ట్రాల రివాల్వర్లు లాభం తెచ్చిపెట్టలేదు. జెనిసియో డెరింజర్ల వంటి కొద్దిపాటి సంఖ్యలో తయారైనవాటి సంగతి వేరు.

నా పూర్వ విద్యార్థి ఒకాయన అక్కడ ఉద్యోగం చేస్తూ ఇలాంటివి కొన్ని కొన్నాడు. ఆయన ఫోటోలు పంపినప్పుడు నన్ను ఆకట్టుకున్నది రివాల్వర్ కంటే దానితో పాటు ఉన్న ఒక కాగితం. కోల్ట్ కంపెనీ తన పాత రవాణా పుస్తకాలను భద్రపరచింది. ఒక రివాల్వర్ మీది వరుస సంఖ్య పంపి రుసుము చెల్లిస్తే, ఆ వస్తువు ఏ తేదీన కర్మాగారం నుంచి బయలుదేరింది, ఏ ఊరి వ్యాపారికి వెళ్లింది, అప్పుడు దాని పూత ఏమిటి అన్నవి ఆ పుస్తకాలలో వెతికి, ధ్రువీకరించి ఉత్తరం ఇస్తారు. తరువాతి కాలంలో ఎవరైనా బంగారు పూత పూసి మామూలు రివాల్వర్‌ను అరుదైన దానిగా చూపబోతే ఆ ఉత్తరం పట్టిస్తుంది. బజారులో ధర పెరగనీ తరగనీ, ఆ కాగితం ఉన్న వస్తువు చరిత్రకు పనికివస్తుంది, అది లేనిది అలంకారంగా మిగులుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. రాష్ట్రం పుట్టుకకు రివాల్వర్‌ను గుర్తుగా ఎంచుకోవడం అమాయకమైన ఎంపిక కాదు. పశ్చిమాన ఆ రాష్ట్రాలు వెలసిన నేల మీద అంతకుముందే జాతులు నివసించాయి. వారిని అక్కడి నుంచి తరిమిన ఆయుధాలలో ఇదీ ఒకటి. కాన్సస్ విషయంలోనైతే బానిసత్వం ఉండాలా వద్దా అన్న తగాదాలో తెల్లవారే ఒకరినొకరు చంపుకున్నారు. శతాబ్ది పెట్టెల మీద బళ్ల బారులూ, మైదానాలూ, పర్వతాలూ చెక్కారు. 1960లలో ఒక సమాజం తన గతాన్ని ఎలా గుర్తుంచుకోవాలనుకుందో, ఏది పక్కన పెట్టిందో ఆ బొమ్మలు సాక్ష్యం చెబుతాయి. నా దృష్టిలో ఆ రివాల్వర్ల సేకరణకు ఉన్న నిజమైన ప్రయోజనం అదే.

ఇక చట్టం. మీ వ్యాసం చదివి ఎవరైనా అమెరికాలోని కొడుకుకో అల్లుడికో ఒకటి తెమ్మని చెబితే ఆ కుటుంబం చిక్కుల్లో పడుతుంది. మన 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉండటం నేరం. దానికి బంగారు పూత ఉన్నా, గాజు బీరువాలో ఉన్నా, ఎన్నడూ పేల్చకపోయినా తేడా ఉండదు. 2019 సవరణతో లైసెన్సుదారు ఉంచుకోగల తుపాకుల సంఖ్యను కూడా మూడు నుంచి రెండుకు తగ్గించారు. వ్యక్తులు విదేశాల నుంచి తుపాకులు తెచ్చుకోవడం మీద 1980ల నుంచి గట్టి ఆంక్షలున్నాయి. గన్నవరంలో దిగినా, శంషాబాద్‌లో దిగినా, సామానులో పెట్టుకుని వచ్చే వస్తువు కాదిది. పురాతన వస్తువులకు మినహాయింపు ఉంది కదా అని కొందరు వాదిస్తారు. చట్టంలోని 45వ సెక్షన్ చెప్పేది పాతకాలపు నమూనా, పురావస్తు విలువ గలది, లేక పాడైపోయినది అయి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని ఆయుధాల గురించి. స్మారక రివాల్వర్ సేకర్త కోరుకునేది దీనికి పూర్తిగా విరుద్ధం: కర్మాగారం నుంచి నిన్న వచ్చినట్టుండి, లోపలి ప్రతి స్ప్రింగూ బిగువు తగ్గనిది. చట్టానికి నచ్చే వస్తువు సేకర్తకు నచ్చదు, సేకర్తకు నచ్చేది చట్టం ఒప్పదు. స్వదేశానికి తిరిగివచ్చే వారు దాన్ని అక్కడే చట్టబద్ధంగా అమ్మడమో, ఆ రాష్ట్రపు చరిత్ర సంఘానికి ఇవ్వడమో మంచిది. కరపత్రం, ఫోటోలు, కంపెనీ ఇచ్చిన ఉత్తరం తెచ్చుకుంటే ఏ అధికారీ అడ్డు చెప్పడు.

వార్షికోత్సవ స్మారకాల సంగతి మనకు కొత్త కాదు. విజయవాడ బందరు రోడ్డు మీద ఇవాళ బాపు మ్యూజియంగా పిలుస్తున్న రాతి భవనం విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1887లో పునాది వేసుకున్నదే. చాలాకాలం దాన్ని విక్టోరియా జూబిలీ మ్యూజియం అనే పిలిచారు. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం విజయవాడలో జరిగినప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనాను అందించిన జ్ఞాపకం ఆ భవనంతో ముడిపడి, రాణిగారి జూబిలీని పక్కకు నెట్టింది. లోపలి పాత కత్తులనూ డాళ్లనూ చూసి వచ్చే పిల్లల్లో ఎంతమందికి ఆ భవనమే ఒక స్మారక వస్తువని తెలుసు? కట్టించినవారి ఉద్దేశం ఒకటి, కాలం దానికి ఇచ్చిన అర్థం మరొకటి. అయినా పునాది ఎప్పుడు, ఎందుకు వేశారన్న లెక్క మిగిలి ఉంది కనుక రెండు చరిత్రలూ నేడు మనకు తెలుస్తున్నాయి.

2028 అక్టోబరు 1 నాటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి 75 ఏళ్లు నిండుతాయి. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన తరువాత, 1953లో కర్నూలు రాజధానిగా, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా ఆ రాష్ట్రం ఏర్పడింది. రాయలసీమకూ కోస్తాకూ మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక స్ఫూర్తితో హైకోర్టు 1954లో మా గుంటూరుకు వచ్చి, రెండేళ్ల తరువాత హైదరాబాదుకు తరలిపోయింది. మరి మన పుట్టినరోజు ఏది? అక్టోబరు 1 ఒకటి, 1956 నవంబరు 1 ఒకటి, 2014 జూన్ 2 ఒకటి. అరిజోనాకు రెండు తేదీలైతే మనకు మూడు. ఏ తేదీ వస్తువు మీద చెక్కినా మిగిలిన రెండింటి ప్రస్తావన దానితో ఉండే కాగితంలో ఉండాలని నా అభిప్రాయం.

అప్పటికి స్మారక వస్తువులు తప్పక వస్తాయి. 2023 ఆగస్టులో ఎన్‌టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం విడుదలైనప్పుడు హైదరాబాదు టంకశాల కౌంటర్ల దగ్గర జనం బారులు తీరడం చూశాం కదా. ప్రభుత్వం చేయించినా, వ్యాపారులు చేసినా, మనకు ఆయుధాల అవసరం లేదు. బుడితి ఇత్తడి ఉంది, దుర్గి రాతి చెక్కడం ఉంది, కొండపల్లి కొయ్యబొమ్మ ఉంది. బుడితి ఇత్తడి చెంబు మీద 1953 అని చెక్కితే బంగారు పూత రివాల్వర్ కంటే అది మన ఇంట్లో ఎక్కువ కాలం నిలుస్తుంది, పైగా వాడుకోవచ్చు. అయితే ఎన్ని చేస్తారో అమ్మకానికి ముందే ప్రకటించి, ఆ సంఖ్య దాటకుండా ఉండాలి. ప్రతి వస్తువుకూ వరుస సంఖ్య, చేసిన పనివాడి పేరు, ఊరు ఉండాలి. మొదటి విడత చెల్లిపోగానే విశేష సంచిక, స్వర్ణ సంచిక అంటూ నెవాడా తరహాలో కొత్త రకాలు పుట్టించకూడదు. ఏ సంఖ్య గల వస్తువు ఏ రోజు ఎవరికి వెళ్లిందో రాసిన పుస్తకాన్ని అమ్మకం ముగియగానే రాష్ట్ర ఆర్కైవ్స్‌కు అప్పగించాలి. కొనేవారి చిరునామాలు బయటపెట్టనక్కరలేదు, ఊరు పేరు ఉంటే చాలు.

ఇందులో ఖర్చుతో కూడిన పని ఏదీ లేదు. కావలసింది ఒక పుస్తకం, దాన్ని శ్రద్ధగా రాసే ఒక గుమాస్తా. వార్షికోత్సవాల ఏర్పాట్లు చేసే శాఖ ఇప్పుడే ఈ నిర్ణయం తీసుకుంటే బుడితిలోనూ దుర్గిలోనూ పనిచేసేవారికి రెండేళ్ల గడువైనా దొరుకుతుంది. చివరి నెలలో టెండరు పిలిస్తే యంత్రాల మీద పోతపోసిన సరుకే వస్తుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్రోపన్యాసకుడు,
బ్రాడీపేట, గుంటూరు.